లెక్కల వేళకు హాలు ఖాళీ

జనవరిలో ఓ ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి కల్యాణమండపం ముందు కారు దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మా అత్తయ్య ఫ్లాస్కు నా చేతిలో పెట్టింది. "నువ్వూ మీ మావయ్యా టిఫిన్ చేసి రండి. నాకు లోపల ఓటుంది" అంది.

అది ఎన్నికల కాలం కాదు. వేలికి సిరా చుక్క కూడా పెట్టరు. రోటరీ వాళ్ల డిస్ట్రిక్ట్ కాన్ఫరెన్స్ అది. ముందురోజు సాయంత్రం అదే మండపంలో పాటలు, మిమిక్రీ, పట్టుచీరల రెపరెపలు. కుర్చీ దొరకడమే గగనం. తెల్లారేసరికి వేదిక మీద మైకు, బల్ల, బల్ల మీద ఫైళ్లు మిగిలాయి. ఎదురుగా వరసల కొద్దీ ఖాళీ కుర్చీలు. జనమంతా పెసరట్టు ఉప్మా దగ్గరున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అటే నడిచాను.

నా చిన్నప్పటి నుంచీ ఈ కాన్ఫరెన్సులంటే నాకు రెండే గుర్తు. ఒకటి భోజనం. రెండోది మావయ్య తెచ్చే డెలిగేట్ బ్యాగు. ఆ బ్యాగుల్లోనే మా ఇంటికి ఏళ్ల తరబడి కూరగాయలొచ్చాయి. లోపల ఏం మాట్లాడుకుంటారో, ఎవరు ఎవరిని ఎన్నుకుంటారో మాకెవరికీ పట్టేది కాదు. మీకూ అంతే అనుకుంటా. జులై నెలలో జిల్లా పేజీల నిండా పదవీ స్వీకారాల ఫొటోలు చూస్తాం. మెడలో కాలరు, దాని మీద గజమాల, భుజం మీద శాలువా. పేజీ తిప్పేస్తాం.

ఆ ఫొటోలన్నీ జులైలోనే ఎందుకొస్తాయో తెలుసా? రోటరీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. మా ఊరి క్లబ్బు అధ్యక్షుడి నుంచి ప్రపంచాధ్యక్షుడి దాకా అందరూ ఒకే రోజు కుర్చీ ఎక్కుతారు, ఏడాది తిరగ్గానే దిగుతారు. మన సర్పంచికి ఐదేళ్లు, వీళ్లకు పన్నెండు నెలలు!

అసలు కథ 1905 ఫిబ్రవరి 23న షికాగోలో మొదలైంది. పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురు స్నేహితులను కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కనుక రోటరీ అన్న పేరొచ్చింది. ఐదేళ్లు తిరిగేసరికి 16 క్లబ్బులయ్యాయి. 1910లో వాళ్లంతా షికాగోలోనే మొదటి మహాసభ పెట్టుకున్నారు. క్లబ్బులు పెరిగేకొద్దీ ఒక్కచోట కూర్చుని అన్నీ చూసుకోవడం కుదరలేదు. అందుకని 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభలో క్లబ్బులను డిస్ట్రిక్టులుగా విడదీసి, ఒక్కోదానికి ఒక గవర్నరును పెట్టారు. మన దేశంలో మొదటి క్లబ్బు 1919లో కలకత్తాలో ఏర్పాటైంది.

ఈ గవర్నరుకు రాజ్‌భవన్ ఉండదు. ఈ డిస్ట్రిక్టుకు కలెక్టరూ ఉండడు. ప్రపంచమంతా కలిపి ఇలాంటివి సుమారు ఐదు వందలున్నాయి, ప్రతిదానికీ ఒక నంబరు. హైదరాబాద్ 3150లో ఉంది. విశాఖపట్నం, విజయవాడ 3020లో ఉన్నాయి. కర్నూలు, అనంతపురం ఉన్న 3160లో కర్ణాటకలోని బళ్లారి కూడా కలిసే ఉంది. మనం రాష్ట్రాలను కలుపుకున్నా విడగొట్టుకున్నా వాళ్ల గీతలు వాళ్లవే.

గవర్నరు కుర్చీ కోసం ఓట్లడగడం నిబంధనల ప్రకారం నిషేధం. కరపత్రాలు, ప్రచారం, 'మనవాడే' అంటూ ఫోన్లు ఏవీ కుదరవు. ఇలాంటి నిబంధన పుస్తకంలోకి ఎక్కిందంటే దాని అవసరం ఎప్పుడో పడే ఉంటుంది కదా! ఒక కమిటీ ఎంపిక చేస్తుంది, లేదంటే క్లబ్బులు ఓటేస్తాయి. కాన్ఫరెన్సులో ప్రతి క్లబ్బుకూ 25 మంది సభ్యులకు ఒక ఓటు లెక్కన ప్రతినిధులుంటారు. ఎంత చిన్న క్లబ్బుకైనా ఒక ఓటు ఖాయం. మా అత్తయ్య చెప్పిన ఓటు అదే. పోయిన జులైలో ఆవిడ మా ఊరి క్లబ్బు అధ్యక్షురాలైంది.

ఇక్కడ మా మావయ్య బ్యాడ్జి సంగతి చెప్పాలి. నలభై ఏళ్లుగా ఆయన రోటేరియను. ఆ నలభైలో మొదటి పాతికేళ్లు అత్తయ్య బ్యాడ్జి మీద 'ఆన్' అని ఉండేది. రోటేరియన్ల భార్యలను మన దేశంలో అలాగే పిలుస్తూ వచ్చారు. పిల్లలైతే 'ఆనెట్'లు. ఈ ఆన్ ఎవరంటారా? 1914లో హ్యూస్టన్ మహాసభకు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒక ప్రత్యేక రైలు బయల్దేరింది. బండి నిండా మగవాళ్లే. బ్రూనియర్ అనే సభ్యుడి భార్య ఒక్కతే ఆడమనిషి. ఆవిడ పేరు ఆన్. సరదాకి 'రోటరీ ఆన్' అన్నారు. తీరా హ్యూస్టన్‌లో దిగాక చూస్తే, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన గండేకర్ భార్య పేరూ ఆనే! అంతే, ఆ పేరు భార్యలందరికీ అంటుకుపోయింది.

రైలెక్కొచ్చు, పేరు పెట్టించుకోవచ్చు, సభ్యురాలు మాత్రం కాకూడదు. నియమావళిలో సభ్యుడంటే పురుషుడే. ఆ ఒక్క మాట తీసేయమని 1950లో ఒక క్లబ్బు సవరణ ప్రతిపాదించింది. అమెరికాదో ఇంగ్లండుదో కాదు, మన భారతదేశపు క్లబ్బు! నెగ్గలేదు. 1964లో అప్పటి సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక క్లబ్బు అలాంటి ప్రతిపాదనే పెట్టింది. అదీ ముందుకు సాగలేదు.

1977లో కాలిఫోర్నియాలోని డ్వార్టె అనే చిన్న ఊరి క్లబ్బు ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. మరుసటి ఏడే ఆ క్లబ్బు గుర్తింపు రద్దయింది. వాళ్లు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. పదేళ్లు నలిగాక, 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వివక్ష కూడదన్న కాలిఫోర్నియా చట్టం రోటరీకీ వర్తిస్తుందని తేల్చింది. 1989లో సింగపూర్‌లో రోటరీ పార్లమెంటు లాంటి కౌన్సిల్ ఆన్ లెజిస్లేషన్ కూర్చుని ఆ మాటను ప్రపంచమంతటికీ తీసేసింది. ఈ కౌన్సిలు మూడేళ్లకోసారి సమావేశమవుతుంది. ఒక్కో డిస్ట్రిక్టు నుంచి ఒక్కో ప్రతినిధి వెళ్లి, చందా ఎంత ఉండాలన్న దగ్గర్నుంచి సభ్యులు ఎవరన్న దాకా ఓటుతో తేలుస్తారు.

మనవాళ్లు 1950లో అడిగిన మాట నెగ్గడానికి 39 ఏళ్లు పట్టింది. ప్రపంచాధ్యక్ష పీఠం మీద నితీశ్ లాహరీ, రాజేంద్ర సాబూ, కల్యాణ్ బెనర్జీ, శేఖర్ మెహతా ఇలా నలుగురు భారతీయులు కూర్చున్నారు కానీ, ఒక స్త్రీ కూర్చోవడానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది. ఆమె కెనడాకు చెందిన జెనిఫర్ జోన్స్.

మా అత్తయ్య హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యాక క్లబ్బులో చేరింది. ఇప్పుడు అధ్యక్షురాలు. దాంతో మావయ్య బ్యాడ్జి మీద ఏం రాయాలన్నది కాన్ఫరెన్సు ఆఫీసులో చిన్న సమస్యయింది. ఆయనా సభ్యుడే కనుక గండం గడిచింది కానీ, "ఎందుకొచ్చిన గొడవ, నాకూ ఆన్ అనే రాసెయ్యండి. ఇన్నేళ్ల బాకీ తీరుతుంది" అని ఆయన కౌంటరు దగ్గర నవ్వులు పూయించాడు.

సరే, ఓటు సంగతికొద్దాం. ఆ ఉదయం అత్తయ్య సంచిలో ఉన్నవి పోయినేటి డిస్ట్రిక్టు లెక్కలు. దిగిపోయిన గవర్నరు తన ఏడాది జమాఖర్చులు తనిఖీ చేయించి మూడు నెలల్లోగా క్లబ్బులన్నిటికీ పంపాలి. ఆ తర్వాత అన్ని క్లబ్బులూ రాదగిన సభలో పెట్టి, చర్చించి, ఆమోదం పొందాలి. అదీ నిబంధన. చాలామందికి ఆ కాగితాలు కవర్లోంచి బయటికే రావు. మా అత్తయ్య మాత్రం పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్రపెన్నుతో కూర్చుంది.

ఆవిడ బాధ వేరు. తను పాఠాలు చెప్పిన హైస్కూల్లో ఆడపిల్లల కోసం మరుగుదొడ్లు కట్టాలని ముందటేడు క్లబ్బూ డిస్ట్రిక్టూ కలిసి పని మొదలుపెట్టాయి. గోడలు లేచాయి, పైకప్పు పడింది. ఇంతలో జూన్ 30 వచ్చింది. జులై 1న కొత్త గవర్నరు, కొత్త కార్యక్రమాలు. ఎవరి తప్పూ లేదు. ఎవరి డబ్బూ తినలేదు. పద్దులో డబ్బు మిగులుగా అలాగే ఉంది. బడిలో గదులూ అలాగే ఉన్నాయి, తలుపుల్లేకుండా! తలుపు లేని మరుగుదొడ్డిని పెద్దపిల్లలు ఎలా వాడుకుంటారు? ఇంటర్వెల్లో ఇంటికి పరిగెత్తేవాళ్లు కొందరు, పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగడం మానేసినవాళ్లు కొందరు.

ఏడాదికో నాయకుడు మారే ఏర్పాటులో మంచీ ఉంది, చెడూ ఉంది. కుర్చీని ఎవరూ అతుక్కుపోరు, అందరికీ అవకాశం వస్తుంది. కానీ ఎవరి ఏడాదికి వాళ్లు కొత్త శిలాఫలకం వెతుక్కుంటే పాత పని సగంలో ఆగుతుంది. ఆ జబ్బుకు మందు కూడా రోటరీ చరిత్రలోనే ఉంది. 1985లో ప్రపంచంలోని పిల్లలందరికీ పోలియో చుక్కలు వేయించాలని వాళ్లు పూనుకున్నారు. 1988 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌లతో కలిసి అది పెద్ద ఉద్యమమైంది. అప్పట్లో ఏటా మూడున్నర లక్షల మంది ఆ జబ్బున పడేవారని అంచనా. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, హౌరా దగ్గర. 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. 1985 నుంచి 2011 దాకా 26 ఏళ్లు. ఏడాదికొకరు చొప్పున అంతమంది ప్రపంచాధ్యక్షులు మారారు. 'ఇది నా ముందువాడు మొదలెట్టిన పని, నాకెందుకు' అని ఒక్కరన్నా వదిలేసి ఉంటే? ఆ పని ఇంకా పూర్తి కాలేదు. పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో ఆ వైరస్ మిగిలే ఉంది. అందుకే ఇప్పటికీ వదల్లేదు.

నేను రెండో ప్లేటు పెసరట్టు ముగించి హాల్లోకి వెళ్లేసరికి పట్టుమని ముప్పైమంది లేరు. వేదిక వెనక తెర మీద రోటరీ వాళ్ల నాలుగు ప్రశ్నలు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అవి 1932లో షికాగోలో దివాలా అంచుకొచ్చిన ఒక అల్యూమినియం గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ అనే ఆయన రాసుకున్నవి. 1943లో రోటరీ స్వీకరించింది. చేసేది సత్యమా, అందరికీ న్యాయమా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని వాటి సారాంశం.

"లెక్కలు ఆమోదించినట్టేనా?" అని వేదిక మీంచి అడిగారు. నాలుగు చేతులు లేచాయి. అత్తయ్య కూడా లేచింది, చెయ్యి కాదు, మనిషే.

"లెక్క సరిపోయిందండీ, పైసా తేడా లేదు. నేనే కూడి చూశాను. మిగులు అని రాసిన చోట నాకో సందేహం. డబ్బు మిగిలిందా, పని మిగిలిందా?"

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగారు. ఆవిడ తలుపుల సంగతి చెప్పింది, మూడే మూడు వాక్యాల్లో. గొంతు పెంచలేదు. వేదిక మీదివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాత గవర్నరు లేచి, "మేడం చెప్పింది నిజమే, అది నా ఏడాదిలో మిగిలిన పని" అన్నారు. ఇప్పటి గవర్నరు, "ఇకనుంచి అది నా ఏడాది పని" అన్నారు. ఆ డబ్బు ఆ తలుపులకే ఖర్చుపెట్టాలని తీర్మానం రాశారు. ఈసారి లేచిన చేతులు నాలుగు కాదు.

బయట మావయ్య పెసరట్టు చల్లారకుండా ప్లేటు మీద ప్లేటు మూసి పట్టుకుని నిలబడ్డాడు. "ఏమైంది?" అన్నాడు.

"తెర మీద నాలుగు ప్రశ్నలుంటే ఐదోది నేనడిగా" అంది అత్తయ్య, ప్లేటు అందుకుంటూ.

మీ ఊళ్లోనూ రోటరీయో లయన్సో మరొకటో ఉండే ఉంటుంది. వచ్చే జులైలో పేపర్లో కొత్త కాలరు ఫొటో చూసినప్పుడు పోయిన జులై ఫొటో కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. అప్పుడు మొదలెట్టిన పని ఎక్కడిదాకా వచ్చిందో మీకు తెలిసినవాళ్లను అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

ఫిబ్రవరి చివర్లో అత్తయ్య బడి నుంచే నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, తలుపులు బిగించారు" అంది. సంతోషమే కదా అన్నాను.

"ఆ, కానీ గడియలు బయటివైపే పెట్టారు. వడ్రంగి ఇక్కడే ఉన్నాడు. లోపలివైపు కూడా పెట్టించి వస్తా, మీ మావయ్యకు అన్నం పెట్టుకుని తినమని చెప్పు" అని పెట్టేసింది.