చారల తీగ

ఇంట్లో తెలుగు: నెలకో వస్తువు, నాలుగు మాటలు

ఈ నెల వస్తువు కుండీలో ఉంది. హెచ్‌డీబీ కారిడార్లలో నడుస్తూ మీరు చూసే ఉంటారు. కాడలు కుండీ అంచు దాటి కిందికి వేలాడుతుంటాయి. ఆకు మీద ఊదా, ఆకుపచ్చ రంగులు, రెండు వెండి చారలు. ఆకును తిప్పి చూడండి. అడుగున అంతా ముదురు ఊదా.

శాస్త్రంలో దీని పేరు ట్రాడెస్కాంటియా జెబ్రినా. 17వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి తోటలు చూసిన తండ్రీకొడుకులు ఇద్దరి పేరూ జాన్ ట్రాడెస్కాంటే. వారి పేరు మీద లిన్నేయస్ 1753లో ఈ రకం మొక్కలకు పేరు పెట్టాడు. జెబ్రినా అంటే జీబ్రాలాంటిది. దీని పుట్టిల్లు మెక్సికో నుంచి కొలంబియా దాకా ఉన్న వెచ్చని నేల. మన తెలుగు పొలాల్లో దీనికి ఒక చుట్టం ఉంది. పేరు అమృతకాడ. చిన్న నీలి పూలు పూసే కలుపు మొక్క. దానికి చారలు లేవు గాని, నేల మీద పాకే తీరు ఒకటే.

ఎండ, నీరెండ, వెలుతురు

తెలుగులో ఇవి మూడు వేరు వేరు మాటలు. ఈ తేడా తెలిస్తే మొక్కను ఎక్కడ పెట్టాలో తెలిసినట్టే.

ఎండ అంటే నేరుగా తగిలే సూర్యుడి వేడి. మధ్యాహ్నపు ఎండ తగిలితే ఈ ఆకులు వెలిసిపోతాయి. నీరెండ అంటే పొద్దున, సాయంత్రం వచ్చే లేత ఎండ. అది మంచిదే. వెలుతురు అంటే ఎండ పడకపోయినా గదిలో ఉండే కాంతి. ఈ మొక్కకు రోజంతా కావలసింది అదే. చీకటి మూలలో పెడితే చారలు మాసిపోతాయి, ఆకుకూ ఆకుకూ మధ్య కాడ సాగిపోతుంది.

తూర్పు కిటికీ ఉంటే అక్కడ పెట్టండి. పడమటి కిటికీ అయితే పల్చని తెర వెనక పెట్టండి. చలి దేశాల పుస్తకాల్లో శీతాకాలపు జాగ్రత్తలు రాస్తారు. సింగపూరులో ఏడాది పొడుగునా పగలు దాదాపు 12 గంటలే కాబట్టి అవి మనకు అక్కర్లేదు.

కారిడార్లో పెట్టేవారు మనుషులు నడవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. మంటలు లేస్తే అందరూ బయటపడే దారి అది. పిట్టగోడ మీద మాత్రం కుండీ పెట్టకండి. జారి పడితే కింద నడిచేవారి ప్రాణం పోతుంది.

తడి, తేమ

మట్టిలో వేలు మొదటి కణుపు దాకా గుచ్చండి. వేలికి బురద అంటితే అది తడి. చల్లగా తగిలి, మట్టి పొడి కొంచెమే అంటితే అది తేమ. ఈ రెండింటిలో ఏది ఉన్నా నీళ్లు పోయకండి. పొడిగా ఉంటేనే పోయండి. తేమ దీనికి ఇష్టం. నిలిచిపోయిన తడి దీనికి శత్రువు. వేర్లు కుళ్లి, కాడ మొదలు మెత్తబడుతుంది. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. ఏసీ గాలి నేరుగా తగిలితే ఆకు కొసలు ఎండిపోతాయి.

కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. గుడ్డు నుంచి ఏడిస్ దోమ బయటికి రావడానికి సుమారు వారం చాలు. డెంగీ వచ్చేది ఆ దోమ వల్లే.

కణుపు

కాడ మీద ఆకు పుట్టే ముడిని కణుపు అంటారు. వేలికీ కణుపులు ఉన్నాయి, వెదురుకూ ఉన్నాయి, చెరకుకూ ఉన్నాయి. గుడి తరగతిలో మాకు వేరు, కాడ, ఆకు నేర్పారు. కణుపు మాత్రం ఆ పుస్తకంలో లేదు. చెరకు కొరికే పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చింది. చెరకును విత్తనం వేసి కాదు, కణుపులున్న ముక్కలు పాతి పెంచుతారు. మారిషస్‌లో, నేటాల్‌లో, ఫిజీలో మనవాళ్లు చేసిన పని అదే.

చారల తీగ కూడా అంతే. కత్తిరించకుండా వదిలేస్తే ఏడాది రెండేళ్లలో కుండీ నడుమ బోడి అవుతుంది. కాడలు పొడుగ్గా వేలాడతాయి గాని మొదట్లో ఆకులుండవు. అందుకే నాలుగు వేళ్ల పొడుగు ముక్కను కణుపు కింద కత్తిరించండి. కింది ఆకులు తీసేసి, అదే కుండీలో గుచ్చండి. లేదా సీసా నీళ్లలో పెట్టండి. వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. ఆ నీళ్లు రోజు విడిచి రోజు మార్చాలి. పసరు తగిలితే కొందరికి దురద పుడుతుంది, చేతులు కడుక్కోండి. పిల్లికీ కుక్కకూ అందనివ్వకండి.

ముక్కలు ఎప్పుడూ ఎక్కువే మిగులుతాయి. పక్కింటివారికి ఇవ్వండి.

పేరు

ముక్క ఇచ్చేటప్పుడు పేరు కూడా ఇస్తాం. ఇంగ్లీషులో దీన్ని చాలాకాలం ‘వాండరింగ్ జ్యూ’ అన్నారు. అంటే ఊరూరా తిరిగే యూదుడు. ఏసుక్రీస్తును ఎగతాళి చేసిన ఒక యూదుడు లోకం ఉన్నంతకాలం తిరుగుతూనే ఉండాలని శాపం పొందాడట. ఇది పాత ఐరోపా కథ. ఆ కథను యూదులను ద్వేషించడానికి వాడుకున్నారు. 1937లో నాజీలు మ్యూనిక్‌లో యూదులకు వ్యతిరేకంగా పెట్టిన ప్రదర్శనకు ఆ కథలోని మనిషి పేరే పెట్టారు. అందుకే ఇప్పుడు చాలామంది తోటమాలులు ఆ పేరు మానుకున్నారు.

మొక్క పేరుకు ఇంత గొడవ దేనికి అంటారేమో. మనకు పెట్టిన పేర్లు గుర్తు చేసుకోండి. మలయాలో, సింగపూరులో మనవాళ్లను ‘కెలింగ్’ అన్నారు. అది కళింగం నుంచి వచ్చిన మాట. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం ఆ కళింగంలోదే. మొదట్లో అందులో తప్పు లేదు. పినాంగులో కపితాన్ కెలింగ్ మసీదు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. తరవాత అదే మాట తిట్టు అయింది. నా తరంవాళ్లు బడిలో విన్నారు. కూలి అంటే చేసిన పనికిచ్చే డబ్బు. ‘కూలీ’ అన్న మాటతో దక్షిణాఫ్రికాలో భారతీయులందరినీ కించపరిచారు. తిట్టేవారికి ఆ మాట చిన్నదే. పడేవారికి కాదు.

కాబట్టి ఈ మొక్కను చారల తీగ అందాం. నిఘంటువులో వెతకకండి, దొరకదు. కంటికి కనిపించేది చెప్పే పేరు, ఎవరినీ నొప్పించదు. బడిలో తమిళమో హిందీయో చదివే మన పిల్లలకు ఇలాంటి మాట ఇంట్లో పెద్దవాళ్లు అంటేనే అందుతుంది.

ఈ నెల మాటలు

నీరెండ: లేత ఎండ
తేమ: కొద్దిపాటి తడి
కణుపు: కాడ మీద ముడి, వేలి మీద ముడి
పసరు: ఆకు, కాడల నుంచి కారే రసం
పిట్టగోడ: కారిడార్ అంచున ఉండే పొట్టి గోడ

ఈ నెల పని: ఒక ముక్క కత్తిరించి ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పేరు తెలుగులో చెప్పండి. ఎక్కడ పెట్టాలో, నీళ్లు ఎప్పుడు పోయాలో రెండు తెలుగు వాక్యాల్లో రాసి కుండీకి కట్టండి.

వచ్చే నెల: కరివేపాకు.