కడుపుకోతకు గడువు

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల గురించి వచ్చే నవలను తూచడానికి మన విమర్శలో చాలాకాలంగా ఒకే తూనికరాయి వాడుకలో ఉంది: శోకంతో మొదలైన కథ చివరికి చిగురు వేసిందా లేదా అన్నది. ఆఖరి అధ్యాయంలో తల్లి మళ్లీ వాకిట ముగ్గు వేసినా, తండ్రి ఒక అనాథను ఇంటికి తెచ్చుకున్నా ఆ నవల పరిణతి గలదవుతుంది. అలాంటిదేమీ జరగకపోతే దానికి నిరాశావాదమన్న ముద్ర పడుతుంది. దీనికి తోడుగా మరొక మాట కూడా చెలామణిలో ఉంది. మన పాత సాహిత్యంలో పోయిన బిడ్డను దేవుడు బతికించి ఇచ్చే కథలే ఉన్నాయనీ, అందువల్ల అక్కడ ఈ దుఃఖానికి చోటే లేదనీ, ఈ వస్తువు నవలతోపాటు పడమటి నుంచి వచ్చిందేననీ ఆ మాట సారాంశం. దీనికి భారతంలోని స్త్రీపర్వాన్ని చూపితే సరిపోతుంది గాని, అది మరీ సులువైన జవాబు. ఒక అభిప్రాయాన్ని ఖండించదలచినప్పుడు దానికి బాగా బలమున్న చోటనే ఎదుర్కోవడం న్యాయం, ఆ చోటు సిరియాళుని కథ.

ఆ కథను పరీక్షించడానికి బీదర్ జిల్లా తగిన నేల. 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ తరువాత జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలను మెదక్‌కు వదిలి తాను మైసూరు రాష్ట్రంలో చేరిన ఈ జిల్లాలో కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. బసవేశ్వరుడు మంత్రిగా ఉన్న కల్యాణం నేటి బసవకల్యాణమే. అక్కడి శరణుల, అంటే శివభక్తుల, చరిత్రను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో, అంటే రెండేసి పాదాలుగా సాగుతూ పాడుకోవడానికి అనువైన దేశి ఛందస్సులో, బసవపురాణంగా తెలుగులో రాశాడు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకుపోవడంతో కన్నడ నేల మీద జరిగిన కథ తెలుగు దారిన ఇంటికి చేరినట్టయింది. ఆ పురాణంలోనే సిరియాళుని కథ ఉంది. తమిళంలో అంతకు ముందే శేక్కిళారు పెరియపురాణంలో ఉంది. తరువాత శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి కథగా వచ్చింది. మరాఠీ జనం నోట చాంగుణ కొడుకు చిలయా కథగా నిలిచింది.

కథ అందరికీ తెలిసిందే. శివుడు మారువేషంలో అతిథిగా వచ్చి, ఆ దంపతుల ఒక్కగానొక్క కొడుకును వండి వడ్డించమంటాడు. అదీ మనసు కష్టపెట్టుకోకుండా, కన్నీరు రానీయకుండా. తల్లిదండ్రులు ఆ పని చేస్తారు. శివుడు ప్రత్యక్షమై బిడ్డను తిరిగి ఇస్తాడు. ఈ నాలుగు వాక్యాలకు కుదించి చూసినవారు దీన్ని భక్తికి పెట్టిన పరీక్షగానో, మూఢభక్తి చేసిన ఘోరంగానో తీర్పు చెప్పి ముందుకు వెళతారు, తీర్పు ఏదైనా దుఃఖం మాత్రం వారి లెక్కలోకి రాదు. అయితే కథ ఎక్కడ నెమ్మదిస్తుందో గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. మరాఠీ కథనంలో తల్లి కొడుకు తలను రోట్లో వేసి దంచుతుంది, దంచుతూ పాడుతుంది. ఏడవకూడదన్నది అతిథి పెట్టిన షరతు గనుక, ఏడుపు వెళ్లవలసిన దారిన పాట వెళుతుంది. రోలు, రోకలి, పొయ్యి, విస్తరి అన్నీ రోజూ వంటింట్లో ఉండేవే. పండగపూట ఏ చేతులు వాటిని పట్టుకుంటాయో ఆ చేతులే ఇప్పుడూ పట్టుకున్నాయి. శోకాన్ని ఇంతకంటే దగ్గరగా చూపిన నవలలు ఎక్కువ లేవు.

అసలు ఘట్టం ఆ తరువాత ఉంది. వడ్డన పూర్తయ్యాక అతిథి ముద్ద ముట్టడు. కొడుకు పక్కన కూర్చుంటేగాని తిననని పట్టుబట్టి, వాణ్ణి పిలవమంటాడు. విస్తట్లో ఏముందో ఎరిగిన తల్లిదండ్రులు వాకిట్లోకి వచ్చి, లేని బిడ్డను పేరు పెట్టి పిలుస్తారు. పెరియపురాణంలో ఆ బిడ్డ బడి నుంచి పరుగెత్తుకొచ్చినట్టు వస్తాడు. విమర్శ ఆ రాకను పట్టుకుంది, పిలుపును వదిలేసింది.

ఇక్కడ అలంకారశాస్త్రం అడ్డు చెప్పవచ్చు. కరుణరసానికి స్థాయిభావం, అంటే రసంగా పండే మూలభావం, శోకం. ఆ శోకం నిరపేక్షంగా ఉండాలనీ, మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే అది కరుణ కాక విప్రలంభం, అంటే ఎడబాటు, అవుతుందనీ భరతుడు విడదీశాడు. బిడ్డ తిరిగి వస్తాడు కనుక సిరియాళుని కథలో కరుణ లేదనే వాదానికి ఇది ఆధారమనిపిస్తుంది. కానీ ఆ ఆశ ఎవరికి ఉంది? కథ ముందే ఎరిగిన శ్రోతకు ఉంది, మారువేషంలోని దేవుడికి ఉంది. వాకిట్లో నిలబడి పిలిచే ఇద్దరికీ లేదు. పాత్ర ఎరుకను శ్రోత ఎరుకతో కలిపేసి, శ్రోతకు దక్కిన ఊరటను పాత్ర ఖాతాలో జమ వేయడం లెక్క తప్పడమే. సోమనాథుడు సైతం ఈ కథతో ఊరుకోలేదు, నిమ్మవ్వ అనే భక్తురాలి కథను తెచ్చి సిరియాళుని గర్వం అణిగినట్టు చూపాడు. బిడ్డను తిరిగి పొందినవాడి భక్తి గొప్పదేనా అన్న సందేహం ఆ కాలపు వీరశైవ కవికే కలిగిందంటే, మహిమతో కథ తీరిపోయిందని ఇప్పటి విమర్శకులు తేల్చడం తొందరపాటే.

విచిత్రమేమంటే, శివుడు బిడ్డను బతికించడాన్ని నమ్మలేమని నవ్వేవారే, నవల చివర మొక్క నాటగానే తల్లి మనసు కుదుటపడటాన్ని వాస్తవికతగా మెచ్చుకుంటారు. దేవుడు తప్పుకున్న చోట కాలం కూర్చుంది గాని వరం ఇచ్చే పని మారలేదు. దీనికి మనస్తత్వశాస్త్రం సాక్ష్యంగా ఫ్రాయిడ్‌ను పిలవడం కద్దు: పోయినవారి నుంచి మనసు క్రమంగా విడిపోయి మరొక ఆలంబనను చేరుకోవడంతో శోకం పూర్తవుతుందని అతడు 1917లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. 1920లో అతడి కూతురు సోఫీ చనిపోయింది. తొమ్మిదేళ్ల తరువాత, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు రాసిన ఉత్తరంలో, ఆ ఖాళీకి బదులు ఎన్నటికీ దొరకదనీ, దొరకకపోవడమే సరైనదనీ అతడు ఒప్పుకున్నాడు. పుత్రశోకం నిరంతరమన్న మన సామెత ఆ మాట ముందే చెప్పింది. సిద్ధాంతకర్త ఆలస్యంగా చేరుకున్నాడు.

ఎస్.ఎల్. భైరప్ప కన్నడ నవల గృహభంగ 1970లో వచ్చింది. మొగుడు చేయవలసిన శానుభోగు లెక్కలు, అంటే మన కరణీకపు లెక్కలు, తానే రాస్తూ, ఆకులు కుట్టి విస్తళ్లు అమ్మి సంసారం ఈదిన నంజమ్మ, ప్లేగుకు కూతురు పార్వతినీ కొడుకు రామణ్ణనూ పోగొట్టుకుంటుంది. కొంతకాలానికి అదే ప్లేగు ఆమెనూ తీసుకుపోతుంది. చిగురు కోసం వెతికే తూనికరాయితో చూస్తే ఈ నవల తప్పాలి, కానీ పాఠకులు తప్పించలేదు. టోనీ మారిసన్ బిలవ్డ్‌లో (1987) దారి మరీ తలకిందులు: బానిసత్వానికి చిక్కకూడదని తల్లి చంపుకున్న పసిబిడ్డ తిరిగి వస్తుంది, ఆ రాకే తల్లిని తినేస్తుంది, దాన్ని పంపించడానికి వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి రావలసి వస్తుంది. బిడ్డ తిరిగి రావడమూ దుఃఖం తీరడమూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

బిడ్డ పోయాక మనుషులు బతకరా, నవ్వరా అని అడిగేవారికి జవాబు ఉంది: బతుకుతారు, మరో బిడ్డకు అన్నం కలిపి పెడతారు. అభ్యంతరం ఆ బతుకు మీద కాదు, దాన్ని పోయినదానికి బదులుగా రాసుకునే పద్దు మీద. బీదర్ చరిత్రలోనే అలాంటి పద్దు ఒకటి కనిపిస్తుంది. 1461లో బహమనీ సుల్తాను హుమాయూన్ షా చనిపోతే, పసివాడైన కొడుకు నిజాం షాను గద్దె మీద కూర్చోబెట్టి తల్లి మఖ్దుమా-ఎ-జహాన్ మంత్రులు ఖ్వాజా జహాన్, మహమూద్ గవాన్‌లతో కలిసి రాజ్యం నడిపింది. 1463లో ఆ పిల్లవాడు హఠాత్తుగా, చరిత్రకారుడు ఫెరిస్తా కథనం ప్రకారం పెళ్లి రాత్రే, చనిపోయాడు. చిన్నకొడుకు మహమ్మద్ గద్దె ఎక్కాడు. తరువాతి కథంతా ఖ్వాజా జహాన్ హత్య, గవాన్ పెత్తనం, 1472 నాటి మదరసా, 1481లో అతడి తల నరికించడం. ఒక కొడుకు మరణానికీ మరొక కొడుకు పట్టాభిషేకానికీ మధ్య చరిత్రకారుడికి ఒక చుక్క చాలింది. రాజ్యం దృష్టిలో అది పునరుద్ధరణే, ఆటంకం లేకుండా జరిగిన పునరుద్ధరణ. తల్లి ఆ రాత్రి ఏమైందో రాయడం చరిత్రకారుడి పని కాదు. నవలాకారుడి పని అదే అయినప్పుడు, అతణ్ణి కూడా త్వరగా పట్టాభిషేకానికి రమ్మని తొందరపెట్టడం దేనికి? బీదర్ ఊరికి తూర్పున అష్టూరులో బహమనీల సమాధులు వరుసగా ఉన్నాయి. తండ్రి హుమాయూన్ సమాధి గుమ్మటం పిడుగుపాటుకు చీలి సగం కూలింది. ఆ వరుసలోనే కొడుకు నిజాం షా సమాధి, కట్టడం మధ్యలో ఆగిపోయి, అలాగే ఉంది.