పాలీహౌస్‌కు సబ్సిడీ సరే, పంటకు భరోసా ఏది?

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు వినగానే తెలుగు కుటుంబాలకు సివిల్స్ కోచింగ్ కేంద్రాలు గుర్తొస్తాయి. ఆ వీధులకు కూతవేటు దూరంలోనే పూసా ప్రాంగణం ఉంది. 1934 నాటి భూకంపంలో బీహార్‌లోని పూసాలో దెబ్బతిన్న వ్యవసాయ పరిశోధన సంస్థ 1936లో ఊరి పేరుతో సహా ఇక్కడికి తరలివచ్చింది. ఇజ్రాయెల్ సహకారంతో పాలీహౌస్ సాగుపై పరిశోధన, శిక్షణ ఇక్కడ మొదలయ్యాయి. కాప్సికం ఆ సాగులో ముఖ్యమైన పంట. ఈ పంట చెప్పే పాఠం ఒక్కటే: కప్పు ఒక్కటే దిగుబడి ఇవ్వదు.

కాప్సికం, గుంటూరు మిరప ఒకే జాతి మొక్కలు. ఒక జన్యువులో వచ్చిన మార్పు వల్ల కాప్సికంలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారుకాదు. మిరప ఎండను తట్టుకున్నంతగా ఇది తట్టుకోలేదు. దీనికి పగలు 25-30 డిగ్రీలు, రాత్రి 18-20 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. 12 డిగ్రీలకు తగ్గితే పుప్పొడి సరిగా పనిచేయక కాయలు వంకర తిరుగుతాయి.

ఢిల్లీ రైతుకు చలి రాత్రులు సమస్య అయితే, తెలంగాణ, ఆంధ్ర రైతులకు వేసవి పగళ్లు సమస్య. పాలిథీన్ కప్పు కింద గాలి ఆడకపోతే పగటి వేడి బయటికంటే పెరుగుతుంది. రాత్రివేళ ఆ పలుచని పొర వేడిని పెద్దగా నిలపలేదు. అంటే ఒకే నమూనా రెండు చోట్లా సరిపోదు. మనకు ఎత్తైన పైకప్పు, ధారాళంగా గాలి వెళ్లే కిటికీలు, వేసవిలో నీడనిచ్చే షేడ్‌నెట్ ముఖ్యం.

నాణ్యత కూడా ఇలాంటి చిన్న విషయాల మీదే ఆధారపడుతుంది. కాయ అడుగున నల్లగా కుళ్లుతుంటే రైతు తెగులు మందు కొడతాడు. చాలాసార్లు అసలు కారణం కాల్షియం కాయకు అందకపోవడం. వేర్లు పీల్చిన నీటితో పాటే కాల్షియం పైకి వెళుతుంది. ఒకరోజు ఎండగట్టి, మరునాడు ముంచెత్తితే ఆ సరఫరా తెగిపోతుంది. డ్రిప్ ద్వారా కొద్దికొద్దిగా, క్రమంగా నీరివ్వడమే దీనికి మందు. ఎరుపు, పసుపు కాయలకు ఓపిక కూడా కావాలి. ఆకుపచ్చ కాయలోని పత్రహరితం కరిగి, కొత్త వర్ణకాలు ఏర్పడేదాకా కొన్ని వారాలు చెట్టుమీదే ఉంచాలి.

చక్కగా చూసుకుంటే హెక్టారుకు 80-100 టన్నులు రావచ్చు. బయటి పొలంలో సాధారణంగా వచ్చేది 20-40 టన్నులే. ఈ అంకెలు చూసే రైతు అప్పుచేసి దిగుతాడు. ఏటా అదే మట్టిలో అదే పంట వేస్తే వేరుబుడిపె నులిపురుగులు పెరుగుతాయి. వల చిరిగినా, తలుపు తెరిచి వదిలినా తామర పురుగులు లోపలికి వస్తాయి. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపతోటలను అవి ఎంతగా దెబ్బతీశాయో రైతులు మరిచిపోలేదు.

కేంద్ర ఉద్యాన మిషన్ నిర్మాణ వ్యయంలో సగం సబ్సిడీగా ఇస్తోంది. తెలంగాణ ఒక దశలో అంతకంటే ఎక్కువే ఇచ్చింది. ఇది అవసరమే. కానీ సాయం ఇనుప గొట్టాలు, పాలిథీన్ దగ్గరే ఆగిపోతే, మొదటి రెండు పంటల తర్వాత రైతు ఒంటరివాడవుతాడు. నాటకముందే మట్టిలో నులిపురుగుల పరీక్ష, ప్రతి పాలీహౌస్‌లో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్, పంటకాలమంతా తోటకు వచ్చి చూసే శిక్షితుడైన సాంకేతిక సహాయకుడు, పాలిథీన్ పాడైనప్పుడు మార్చుకోవడానికి చేయూత: ఇవన్నీ సబ్సిడీలో భాగం కావాలి. నిర్మాణ ఖర్చుతో పోలిస్తే వీటికయ్యేది తక్కువ.

ఎన్ని ఎకరాల్లో పాలీహౌస్‌లు లేచాయన్నది కాదు, ఐదేళ్ల తర్వాత వాటిలో ఎన్ని పండుతున్నాయన్నదే పథకానికి అసలు కొలమానం.