పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ నడుమ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రివర్యులకు,

విషయం: అనంతపురం నగర శివార్లలో ఎనిమిదో తరగతి దాటిన పిల్లల ప్రభుత్వ విద్య.

దత్తమండలాలని పిలిచిన నాటి రాయలసీమలో కళాశాల విద్య తొలినాళ్లలోనే అందిన ఊళ్లలో అనంతపురం ఒకటి. 1916లో దత్తమండల కళాశాలగా వెలసిన సంస్థే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో ఈ ఊరికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల 2008లో జేఎన్‌టీయూ అనంతపురంగా స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. తిరుపతిలోని విశ్వవిద్యాలయానికి స్నాతకోత్తర కేంద్రంగా ఉన్న సంస్థ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 2018లో తరగతులు ఆరంభించిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో స్థలం దక్కింది. వాన మొహం చాటేసే ఈ నేల మీద పై చదువులకు కొరత లేదు. కొరతంతా వాటి గడప దాకా పిల్లలను నడిపించే దారిలోనే ఉంది.

ఆ దారి ఎక్కడ తెగుతుందో చట్టాలే చూపుతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇస్తుంది, అంటే ఆ హామీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 నుంచి 18 ఏళ్ల వారిని కౌమారులుగా పేర్కొని, వారికి ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. చదువు హామీ ఆగిపోయే వయసు, కూలి పనికి తలుపు తెరుచుకునే వయసు ఒక్కటే కావడంతో, కరవు పల్లెల కుటుంబాలు పిల్లల భవిష్యత్తును ఆ నాలుగేళ్లలోనే తేల్చుకోవలసి వస్తోంది.

రుద్రంపేట, కక్కలపల్లి, నారాయణపురం వంటి శివారు పంచాయతీల బతుకంతా నగరంతోనే ముడిపడి ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని శెనక్కాయ వేసి, పంట ఎండి, అప్పులు మిగిలిన కుటుంబాలు బతుకుతెరువు కోసం ఊళ్లు వదిలి శివారు కాలనీలకు చేరుతున్నాయి. అక్కడా పని దొరకని వారు ఇంటికి తాళం వేసి బెంగళూరు కట్టడపు పనులకు పోతున్నారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడే వేళ ఆ తాళం పడితే, కూతురిని అవ్వ దగ్గర వదలడమా, ఇటుకలు మోసే చోటికి వెంట తీసుకుపోవడమా అన్న రెండు దారులే తల్లికి మిగులుతాయి. పరీక్ష గట్టెక్కిన పిల్లకైనా ఇంటర్మీడియట్ అంటే రోజూ షేర్ ఆటో ఛార్జీ, పొద్దు వాలాక తిరుగు ప్రయాణం. ఈ రెండింటిలో ఏది భారమైనా ముందు ఆగేది ఆడపిల్ల చదువే.

అందుచేత ఈ లేఖ విద్యాశాఖను నాలుగు పనులు కోరుతోంది. మొదటిది, ఎనిమిదో తరగతి ముగించిన వారిలో ఎందరు తొమ్మిది, పది, ఇంటర్ చదువుతున్నారో శివారు పంచాయతీల వారీగా ఏటా ప్రకటించడం. ప్రతి విద్యార్థికీ ఇప్పటికే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉన్నందున దీనికి కొత్త సర్వే అక్కరలేదు. రెండోది, ఉన్నత పాఠశాలలోనే ఇంటర్ తరగతులు నడిపే పద్ధతిని, అంటే 2022లో మొదలైన హైస్కూల్ ప్లస్ ఆలోచనను, నగర శివార్లలో బాలబాలికలిద్దరికీ తగిన అధ్యాపకులతో, ప్రయోగశాలలతో అమలు చేయడం. మూడోది, వలస నెలల్లో పిల్లలను ఊరిలోనే నిలిపే సీజనల్ హాస్టళ్లను తొమ్మిది నుంచి ఇంటర్ దాకా విస్తరించి, తరగతుల వేళలకు సరిపడేలా ఆర్టీసీ బస్సులు నడపడం. నాలుగోది, చుట్టూ ఉన్న విశ్వవిద్యాలయాలు శివారు పాఠశాలలకు తమ ప్రయోగశాలలను, గ్రంథాలయాలను నెలకొక్క రోజైనా తెరిచేలా చూడడం.

మూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా అందరికీ చదువు అందాలన్నది 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన మాటే. నూరేళ్ల కిందట కళాశాల వెలసిన ఊరి శివారులో ఆ మాట ముందుగా నిజం కావడం న్యాయం. వానను రప్పించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, కానీ వాన రాని ఏడు కూడా పిల్ల బడిలోనే ఉండేలా చూడడం ప్రభుత్వం చేతిలో పని.

ఇట్లు,
అనంతపురం పిల్లల చదువు మేలు కోరే ఒక పౌరుడు