లైబ్రేరియన్‌కు వారానికొక గంట ఇవ్వండి

కళాశాల విద్యా కమిషనర్ గారికి,

నంద్యాల, ఆళ్లగడ్డ డిగ్రీ విద్యార్థుల చేతుల్లో ఫోన్లున్నాయి, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లూ ఉన్నాయి. ఎవరు రాశారో, ఏ ఏడాదిదో తెలియని నోట్సుతో పరీక్షకు పోయేవాళ్లు తక్కువేం కాదు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ, 2017లో మొదలైన ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని పాఠాలు ఉచితమే. దారి చూపేవాళ్లు కావాలి.

ఏ సమాచారాన్ని నమ్మాలో నేర్పడానికి మొదటి సెమిస్టర్‌లో లైబ్రేరియన్‌కు వారానికొక గంట ఇవ్వండి. ఉదాహరణకు, నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. శనగ తెగులుకు యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన మందును అక్కడి శాస్త్రవేత్తల సిఫారసుతో విద్యార్థులను పోల్చి చూడమనండి. చాలామంది పిల్లలకు శనగ ఇంటి పంట కూడా.

ఇక తెలుగు సంగతి. ఉచిత పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషువే. మన అధ్యాపకుల తెలుగు నోట్సును లైబ్రేరియన్లతో సరిచూయించి, మార్పులకు వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఆన్‌లైన్‌లో పెట్టించండి. ఆళ్లగడ్డలో రాసిన పాఠాన్ని అరకులో దిద్దుకుని వాడుకోవచ్చు. ఉచితంగా చదవనివ్వడం వేరు, మార్చుకునే హక్కు ఇవ్వడం వేరు. ఈ తేడాను మనవాళ్లు అంతగా పట్టించుకోరు. ఆళ్లగడ్డ రాతి శిల్పుల పని మీద తొలి పాఠం రాయిస్తే మరీ సంతోషం.

కొత్త భవనాలు అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ వేసేలోపు ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
నంద్యాల పాఠకుడొకరు