చప్పట్లకు వెలిగే బల్బు చాలదు

ఏ జిల్లాలో సైన్స్ ఫెయిర్ పెట్టినా ఒక బల్లమీద చప్పట్ల బల్బు ఉండి తీరుతుంది. థర్మాకోల్ ఇల్లు, లోపల చిన్న ఎల్‌ఈడీ, పక్కన ఆర్డ్యునో బోర్డు, దానికి తగిలించిన మైకు సెన్సర్. జడ్జి రాగానే పిల్ల చప్పట్లు కొడుతుంది, బల్బు వెలుగుతుంది. మళ్లీ కొడితే ఆరిపోతుంది. జడ్జిగారు తలూపి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతారు. వెనక గోడకున్న చార్టు మీద మాత్రం ‘ధ్వని తరంగాల అధ్యయనం’ అని రంగురంగుల అక్షరాలుంటాయి.

ఆ బల్లమీద తరంగం జాడే ఉండదు. బజారులో చౌకగా దొరికే సౌండ్ సెన్సర్లలో మైకు వెనక ఒక కంపారేటర్ చిప్ ఉంటుంది. చప్పుడు ఫలానా హద్దు దాటిందా లేదా అన్నది తేల్చడమే దాని పని. పిల్ల చప్పట్లు కొట్టినా, గాలికి తలుపు దబ్బున పడినా దానికి ఒకటే. పౌనఃపున్యం ఎంతో, కంపన పరిమితి ఎంతో అది చెప్పలేదు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పుణ్యమా అని వేల బడుల్లోకి ఆర్డ్యునోలు, సెన్సర్లు వచ్చాయి. మంచి పనే. పిల్లలకు వైర్లు కలపడం, నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాయడం వచ్చింది. ధ్వని పాఠం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే, అంతకంటే ఎన్నో రెట్లు మేలైన మైకు సెన్సర్ ఆ బడిలోనే, టీచరు జేబులోనే ఉంది. మామూలు సెల్‌ఫోన్ మైకు గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గుల్ని సెకనుకు 48,000 సార్లు నమోదు చేయగలదు. ఒక నమోదుకూ మరో నమోదుకూ మధ్య ధ్వని కదిలేది ఏడు మిల్లీమీటర్లే. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు ఈ సంగతి గ్రహించి 2016లో ‘ఫైఫాక్స్’ అనే యాప్ తెచ్చారు. డబ్బు కట్టనక్కర్లేదు. ఫోనులోని సెన్సర్లను అది ప్రయోగశాల పరికరాలుగా మార్చేస్తుంది. ధ్వనికి సంబంధించిన ప్రయోగాలే అందులో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటి చాలు, తొమ్మిదో తరగతి పిల్లలు ధ్వని వేగం కొలవడానికి.

కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. బడి ఆవరణలో టేపుతో పది మీటర్లు కొలిచి, రెండు చివర్లా రెండు ఫోన్లు, ఒక్కో ఫోను దగ్గర ఒక్కో పిల్ల. చప్పుడు వినగానే మొదలై, మరో చప్పుడుకు ఆగే గడియారం రెండు ఫోన్లలోనూ సిద్ధంగా ఉంటుంది. మొదటి పిల్ల చప్పట్లు కొడుతుంది. ఆమె పక్కనున్న ఫోను వెంటనే మొదలవుతుంది, అవతలి ఫోను ధ్వని అక్కడికి చేరాక మొదలవుతుంది. కాసేపాగి రెండో పిల్ల కొడుతుంది. ఈసారి ఆమె దగ్గరి ఫోను ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు ఫోన్లు చూపే కాలాల మధ్య తేడా ఎంతో, ధ్వని ఆ పది మీటర్లను రెండుసార్లు దాటడానికి పట్టిన సమయం అంత. ఇరవై మీటర్లను దానితో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. గాలి 30 డిగ్రీలున్న రోజున ఆ తేడా సుమారు 57 మిల్లీసెకన్లు. రెండు గడియారాల్నీ ముందుగా కలిపి ఉంచే పనిలేదు. రెండో పిల్ల ఎంత ఆలస్యంగా చప్పట్లు కొట్టినా లెక్క చెడదు. ఎందుకు చెడదో పిల్లలు కాగితం మీద తేల్చుకోవడమే అసలు పాఠం.

ఇదే కొలతకు రెండు వందల ఏళ్ల కిందట ఫిరంగులు కావాల్సి వచ్చాయి. మద్రాసు వేధశాల ఖగోళజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 సంవత్సరాల్లో సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ మౌంట్ దగ్గరా పేలే ఫిరంగుల్ని వాడుకున్నాడు. నుంగంబాకంలో కూర్చుని మెరుపు కనిపించడానికీ మోత వినిపించడానికీ మధ్య కాలాన్ని క్రోనోమీటరుతో లెక్కపెట్టించాడు. ప్రతి పేలుడుతో పాటు ఆ వేళ ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ, గాలివాటం కూడా రాయించాడు. ఆ ఫలితాలు 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఎండ పెరిగిన కొద్దీ ధ్వని వడి పెరుగుతుందని దక్షిణాది ఎండలే సాక్ష్యమిచ్చాయి.

మన పాఠ్యపుస్తకాలు ధ్వని వేగాన్ని ఒక స్థిరాంకంలా పిల్లల నోటికి ఎక్కించేస్తాయి కాబట్టి ఈ సంగతి మీద కాస్త ఆగాలి. జనవరి పొద్దున ఆదిలాబాద్‌లో 15 డిగ్రీలున్నప్పుడు ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఏప్రిల్‌లో రెంటచింతలలో 42 డిగ్రీలు కాస్తున్నప్పుడు 356 దాకా వెళుతుంది. రెండు బడులు ఫోన్లతో కొలిచి అంకెలు ఇచ్చిపుచ్చుకుంటే, పదహారు మీటర్ల తేడా ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్న పిల్లల నోటే వస్తుంది. గైడు చూసి రాసే జవాబులో ఆ ప్రశ్నకు చోటు లేదు.

మైకు పట్టినదాన్ని ఫోను తెరమీద గీసే బొమ్మతో ఒక చిక్కు ఉంది. శృతిదండాన్ని రబ్బరు దిమ్మెకు కొట్టి ఫోను దగ్గర పెడితే నున్నటి అలలాంటి గీత పరుగెడుతుంది. అది చూసిన పిల్లలు గాలి కూడా అలాగే కిందికీ మీదికీ ఊగుతోందనుకుంటారు. గాలిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగం. సంపీడనాలు, విరళీకరణాలుగా ముందుకు సాగేది. తెరమీద ఉన్నది మైకు దగ్గర కాలంతో పాటు పీడనం మారిన తీరుకు గ్రాఫు. ఈ తేడా చెప్పకుండా ఫోను చూపించే టీచరు పాత తప్పునే కొత్త తెరమీద చూపిస్తున్నట్టు లెక్క. ఓ స్ప్రింగును బల్లమీద సాగదీసి, కుదిపి, ఆ తర్వాతే ఫోను తియ్యాలి.

నాదగుణం సంగతికొస్తే సెన్సర్ అసలు సత్తా తెలుస్తుంది. ఒకే శృతిలో వీణ, పిల్లనగ్రోవి వినిపించినా ఏది ఏదో చెవి చెబుతుంది. ఎందుకని అడిగితే పుస్తకంలో ఒక్క వాక్యం దొరుకుతుంది. ఫోనులో వర్ణపటం తెరిస్తే మూలస్వరం పక్కన అతిస్వరాలు వేర్వేరు ఎత్తుల్లో నిలబడి కనిపిస్తాయి. మరీ బాగుండేది డప్పునీ మృదంగాన్నీ పక్కపక్కన వాయించి చూడటం. మామూలుగా బిగించిన చర్మం మోగితే అతిస్వరాలు మూలస్వరానికి 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి. వాటి మధ్య పొత్తు కుదరదు. మృదంగం కుడివైపు చర్మం మధ్యలో నల్లటి మందపు పూత ఉంటుంది. దానివల్ల అతిస్వరాలు రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల దగ్గరికి జరిగి వీణతీగలాగా పలుకుతాయి. ఈ రహస్యాన్ని 1920లో నేచర్ పత్రికలో శివకాళి కుమార్‌తో కలిసి బయటపెట్టినవాడు సి.వి. రామన్. ఆ తర్వాత చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, అది పేరుకున్న గీతల్ని బట్టి కంపనాల తీరు చదివాడు. ఇవాళ ఆ అతిస్వరాల శిఖరాలు పల్లెటూరి ఎనిమిదో తరగతి పిల్లకైనా అరచేతిలో కనిపిస్తాయి.

అయితే ఫోను చెప్పే ప్రతి అంకెనూ నమ్మకూడదు. కాలం, పౌనఃపున్యం బాగా కొలుస్తుంది. తీవ్రత దగ్గరే తడబడుతుంది. మాటలు స్పష్టంగా వినపడాలని చాలా ఫోన్లు చప్పుడును తమంతట తామే పెంచుతాయి, తగ్గిస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడి చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అలాంటి చోట పగటి హద్దు 50 డెసిబెల్స్. ఆ అంకె పక్కన ఫోను చూపిన డెసిబెల్స్ రాసి చార్టు అంటించడం శాస్త్రం అనిపించుకోదు. సరిచూసిన మీటరుతో పోల్చనిదే ఆ అంకెకు విలువ లేదు.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరగతి గదుల్లోకి ఫోన్లు రాకూడదంది. టీచర్ల ఫోన్లు కూడా. రీల్స్ చూస్తూ పాఠం గాలికొదిలే బెడద నిజమే, ఆ ఉత్తర్వుల వెనక కారణం లేకపోలేదు. కానీ థర్మామీటరు పగులుతుందని ల్యాబ్‌కే తాళం వేస్తే ఎలా? ఫోను ఇష్టంలేని బడులకు మరో దారీ ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ తయారుచేసిన ఎక్స్‌పైస్ అనే చిన్న పెట్టెను పాత కంప్యూటర్‌కు తగిలిస్తే దాని మైకు ఇవే తరంగాలు చూపిస్తుంది. దాని డిజైను, ప్రోగ్రామ్ అందరికీ ఉచితం.

జిల్లా విద్యాధికారులు చేయాల్సింది చిన్న పనే. ధ్వని పాఠం నడిచే వారం సైన్స్ టీచరుకు రెండు ఫోన్లకు అనుమతివ్వాలి. నిర్మాణాత్మక మూల్యాంకనం ప్రాజెక్టులో పిల్లలు సొంతంగా కొలిచిన వేగాన్నీ, ఆనాటి ఉష్ణోగ్రతనూ రాయించాలి.

పాఠకులు బడి తెరిచేదాకా ఆగనక్కర్లేదు. రెండు ఫోన్లు, ఒక టేపు ఉంటే వచ్చే ఆదివారం మేడమీదే ప్రయత్నించవచ్చు. వేగం 340కీ 356కీ మధ్య రాకపోతే ముందు టేపు సరిచూడండి.