చోటు లేదను మాట

మా కుటుంబమున పై చదువు చదువుచున్న బాలిక యొకతె గడచిన సంవత్సరము ఒక విశ్వవిద్యాలయపు తెలుగు శాఖా గ్రంథాలయమునకు పాత పుస్తక మొకటి చూచుటకై పోయెను. ఆ విద్యాలయము పేరు చెప్పుట మాకిష్టము లేదు. గదినిండ కంప్యూటరు బల్లలు వేయబడి యుండెను. బీరువాలలోని పాత పుస్తకములు కట్టలుగా కట్టబడి వసారాలో నుండెను. “చోటు లేదమ్మా, అయినను అవన్నియు అంతర్జాలమున నున్నవి గదా” యని సమాధానము వచ్చెను. ఇంటికి వచ్చి వెదకగా పుస్తకము దొరకినది గాని, నడుమ ఎనిమిది పుటలు లేవు. ఆమెకు కావలసిన అధ్యాయము సరిగా ఆ పుటలలోనే యుండెను. మరల పోవునప్పటికి వసారా ఖాళీ. కట్టలెచ్చటికి పోయినవో చెప్పగలవారు లేకపోయిరి.

ఈ సంగతి నిప్పుడు వ్రాయుటకు కారణము కలదు. అదే మాట మన సంఘపు గదిలోను వినబడుచున్నది. నాలుగు బీరువాల పుస్తకములను ఎవరికైన నిచ్చివైచి, ఆ గదిని పిల్లల సాయంకాలపు చదువులకు వినియోగింపవలెనని కొందరు యువక సభ్యులు కోరుచున్నారు. వారి యుద్దేశము మంచిది. చోటు కొరతయు నిజమే. కాని “ఫోనులో నన్నియు నున్నవి” యను వాదమును మాత్రము పరీక్షింపక యంగీకరింపజాలము.

మనలో పెక్కురు వర్తకులము. గోదాములో చోటు విలువ మనకొకరు చెప్పనక్కరలేదు. కదలని సరుకును ఏండ్ల తరబడి నిలువ యుంచినవాడు నష్టపోవును. అట్లని చిట్టా చూడక సరుకును వీధిలో పారవేయు వర్తకుడు కలడా? ఆ సరుకు మరల కావలసినప్పుడు వేరొకచోట దొరకునా, అదే రకము దొరకునా యని మొదట విచారించును. పుస్తకముల విషయమునను అడుగవలసిన ప్రశ్న యిదియే. గ్రంథాలయశాస్త్రమునకు మన దేశమున పితామహుడని చెప్పదగిన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిది పుస్తకములు వాడుకకొరకే యనియు, చివరిది గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిదనియు చెప్పుచున్నవి. పెరుగు ప్రాణి కొంత విడుచుటయు సహజము. కావున పుస్తకము నిచ్చివేయుట దోషము కాదు. విచారింపక యిచ్చివేయుటయే దోషము.

అంతర్జాలము మనకు చేసిన మేలును మేము తక్కువ చేయుట లేదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ మొదలైనవి పూనుకొని నడపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వలన వేలకొలది తెలుగు పుస్తకములు స్కాను చేయబడినవి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ పనిలో ముఖ్యభాగము వహించెను. హుల్సూరులో కూర్చుండి, నూరేండ్ల నాటి తెలుగు పుస్తకమును ఉచితముగా చదువుట మన తాతలు కలనైన నెరుగని భాగ్యము. కాని ఆ పుస్తకములలో కొన్నింటికి పుటలు లేవు. కొన్నింటి పేర్లు ఆంగ్లాక్షరములలో తప్పుగా నెక్కుటచే వెదకినను దొరకవు. 2017 ప్రాంతమున ఆ జాలస్థలమే నిలిచిపోయినది. ఇంటర్నెట్ ఆర్కైవులో ముందుగా ప్రతులు చేర్చిన వారుండుటచేత, వాని జాబితాలను తెలుగు వికీసోర్సు సేవకులు ఓపికతో కూర్చుటచేత, ఆ ధనము చాలవరకు దక్కినది. ఒక్క చోటనే యున్న సొత్తు, అది కాగితమైనను కంప్యూటరైనను, క్షేమము కాదని యిందువలన తెలియుచున్నది.

2025 నుండి కేంద్రప్రభుత్వము “ఒకే దేశము, ఒకే చందా” యను పథకమున మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పరిశోధన పత్రికలను అందించుచున్నది. విద్యార్థులకు గొప్ప మేలే. అయినను అవి పత్రికలు. మన పాత తెలుగు గ్రంథములు కావు. చందా యున్నన్నాళ్ళే చదువు. బీరువాలోని పుస్తకమునకు చందా లేదు.

మన ప్రాంతపు చరిత్రమును ఒకసారి స్మరింపుడు. 1956 నవంబరు 1 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ రాష్ట్రమున తెలుగునకు కచేరీలలో స్థానము లేని కాలమున, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. అదియు మొదట రావిచెట్టు రంగారావు గారి యింటనే యారంభమయ్యెను. చోటు లేదని ఆ పెద్దలు ఊరకుండలేదు. నేడు మన పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. అది మనకు అన్నము పెట్టిన నేల భాష; చక్కగా చదువవలసినదే. కాని తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరము నెరుగని పిల్లలు మన యిండ్లలో పెరుగుచున్నారు. వారికి ఆ యక్షరము కంటబడు చోటు ఆ నాలుగు బీరువాలే.

కావున మా సూచన యిది. మొదట ప్రతి పుస్తకమునకు తెలుగులో పట్టిక వ్రాయవలెను. తరువాత మూడు భాగములు చేయవలెను. అంతర్జాలమున పూర్తిగా నున్నట్లు పుట పుట చూచి రూఢి చేసికొన్నవి, ఇతర గ్రంథాలయములలోను దొరకునవి ఒక భాగము. వీనిని చదువువారికి సంతోషముగా నిచ్చివేయవచ్చును. దొరకనివి రెండవ భాగము, వీనిని ఉంచవలెను. రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములు నిండిన గ్రంథములపై హక్కు లుండవు గనుక, 1965లోను అంతకు ముందును గతించినవారి పుస్తకములను నేడు నిరభ్యంతరముగా స్కాను చేసి యెల్లరకు నందింపవచ్చును. మన యిండ్లలోని పెండ్లిపాటల నోటుపుస్తకములు, తెలుగున వ్రాసిన పాత ఖాతాలు, ఈ పత్రిక పాత సంచికలు మూడవ భాగము. ఇవి లోకమున మరెచ్చటను లేవు. ఇవి యెన్నడును గది దాటరాదు; ప్రతులు మాత్రము రెండు వేర్వేరు చోట్ల నుండవలెను.

మొదటి భాగము పోయినచో రెండు బీరువాలైనను ఖాళీ యగునని మా యంచనా. మిగిలిన వానిని గోడకు చేర్చినచో నడుమ పిల్లలకు చాప పరచుటకు చోటు చాలును. పుస్తకములును పిల్లలును ఒకే గదిలో నుండుటకంటె మనము కోరునదేమి?

ఈ పనికి ధనముకంటె మనుష్యులు కావలెను. ఆదివారము రెండు గంటలు కూర్చుండి పట్టిక వ్రాయుటకు అక్షరము చక్కగా నెరిగిన పెద్దలును, స్కాను చేయుటకు ఫోను నేర్పు గల యువకులును ముందుకు రావలెను. గది కావలెనని కోరిన యువకులే మొదట రావలెనని మా కోరిక. పట్టిక పూర్తియగు వరకు ఒక్క పుస్తకమైనను గడప దాటకుండ చూచు బాధ్యతను మేము వహింతుము.